బొట్టు పెట్టుకున్న మోటారు

అమలాపురంలో నాది చిన్న దుకాణం. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, అంగళ్లకు లోగోలు తయారుచేసి ఇస్తాను. పదిహేడేళ్లుగా ఇదే పని. పోయిన వేసవిలో ఒక హోటలు యజమాని వచ్చి రెండు కార్డులు నా బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నేను ఆయనకు చేసిచ్చింది. రెండోది రావులపాలెంలో ఇంకో హోటలుది. రెండింటి మీదా అదే అరిటాకు, దాని మీద అదే ఆవిరి, ఆఖరికి ఆకు కొసన చిరుగు కూడా ఒకటే.

"ఇది మీరు గీశారా అండీ, ఎక్కడినుంచైనా దింపారా?" అని అడిగాడు.

దింపాను. రావులపాలెంలో ఆ కార్డు చేసినవాడు కూడా నెట్‌లో అదే చోటునుంచి దింపి ఉంటాడు. హోటలాయన తన కార్డుల కట్టలన్నీ నా ముందే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నా చెయ్యి ఆడలేదు. ఏది గీయబోయినా ఎక్కడో చూసిందే వచ్చేది.

అలాంటప్పుడు రుద్రన్న ఫోను చేశాడు. మా కోనసీమ కొబ్బరికాయలు రాయదుర్గం వైపు తోలే లారీ డ్రైవరు. తన లారీ కార్డులు నా దగ్గరే వేయించుకుంటాడు.

"మేడం, మా చిన్నాయన కూతురు తిప్పమ్మ. గుమ్మఘట్టలో బోరు మోటార్లు రిపేరీ చేస్తాది. దానికి మంచి గుర్తొకటి, కార్డొకటి గీసియ్యాల."

"వివరాలు వాట్సాప్‌లో పంపించమనండి" అన్నాను, అలవాటుకొద్దీ. ఫోను పెట్టేశాక ఆ మాట నాకే నచ్చలేదు. మనిషిని చూడకుండా, పని చూడకుండా కుర్చీలో కూర్చుని బొమ్మలు వెతకబట్టే కదా ఆ అరిటాకు గతి పట్టింది. మళ్లీ ఫోను చేసి, "నేనే వస్తున్నాను" అన్నాను. చిన్న కార్డు ముక్క కోసం రాష్ట్రం ఈ చివరినుంచి ఆ చివరికా అని ఇంట్లో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

అనంతపురం

రైలు దిగి బయటికి రాగానే ఆటో అతను "ఏమ్మా, యాడికి?" అన్నాడు. మేం కుక్కను అదిలించినా చివర "అండి" తగిలిస్తామని బయటివాళ్లు మమ్మల్ని ఎగతాళి చేస్తారు. ఆ చెవులకు ఈ పలకరింపు కాస్త గరుగ్గానే తగిలింది. అంతలో నా పెట్టె చక్రం ఊడి రోడ్డు మీద దొర్లింది. ఆ మనిషే ఆటో పక్కకు తీసి, గొంతుక్కూర్చుని, ఇనప తీగతో చక్రం కట్టి ఇచ్చాడు. ఎంత ఇమ్మంటారని అడిగితే, "చక్రం కట్టినదానికి గూడా దుడ్లా? ఎక్కమ్మా" అని కసిరాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో నేను "అండి" కోసం ఎదురుచూడలేదు.

పొద్దుటి టిఫిను ఉగ్గాని, బజ్జి. మా మరమరాలు ఇక్కడ బొరుగులు. వాటిని నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన జానెడు మిరపకాయ బజ్జి పెడతారు. నలభై రూపాయలు. బజ్జి మొదటి కొరుకుకే నా కళ్లలో నీళ్లు. వడ్డించే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "కారం తక్కువదేమ్మా అది. నీకోసమే ఏరి పెట్టినా" అంది.

బస్టాండు చుట్టూ ఉన్న అంగళ్లలో కార్డులు అడిగి పోగుచేయడం మొదలుపెట్టాను. బోర్లు వేసేవాళ్లవి, భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పేవాళ్లవి, మోటార్లు అమ్మేవాళ్లవి. మధ్యాహ్నానికి పద్దెనిమిది అయ్యాయి. లాడ్జి మంచం మీద వరసగా పరిచి చూస్తే అన్నిటి మీదా ఒకటే నీలం నీటిచుక్క, వెనకాల ఎగిసిపడే అలలు. ఏడాదికి నాలుగు వానలు పడితే పండగ అనుకునే చోట ప్రతి కార్డు మీదా సముద్రం! ఆ నీటిచుక్కను నేను వెంటనే గుర్తుపట్టాను. మా ఊరి మంచినీళ్ల ప్లాంటుకు నేను పెట్టింది అదే.

లేపాక్షి

బొమ్మలు గీసేవాళ్లెవరినడిగినా ముందు లేపాక్షికి పొమ్మంటారు. నేనూ పోయాను. అంత పెద్ద నంది ముందు నిలబడి అందరిలాగే ఫోటో తీసుకున్నాను. నేలకు ఆనని స్తంభం కింద యాత్రికులు కండువాలు దూర్చి లాగుతుంటే నేనూ నా చున్నీ దూర్చాను. అది సగంలో ఇరుక్కుంది. వెనకాల వరసలో ఉన్నవాళ్లంతా తలా ఒక సలహా చెప్పాక అంచు చిరిగి బయటికొచ్చింది.

స్తంభాల మీద చెక్కిన లతల దగ్గర గ్రాఫు పుస్తకం పట్టుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ధర్మవరంలో చీరల అంచులకు డిజైన్లు గీస్తాడట. నేనూ పుస్తకం తీసి పక్కన చతికిలబడ్డాను. దేనికని అడిగాడు. బోరు మోటార్లు బాగుచేసే ఆవిడ కార్డు కోసమని చెప్పాను.

"రాసుకోండి, రాసుకోండి. ఈ కంబం దగ్గర రాసుకునేవాళ్లకు లెక్కేలేదు. హోటలు మెనూ మీద ఇదే లత, సంచుల మీద ఇదే లత, నా చీరల్లో ఇదే లత."

"మరి మీరెందుకు మళ్లీ గీస్తున్నారు?"

"నాది చీర మేడం. పెండ్లికూతురికి గుడి అంచు కావాల. మీ ఆయమ్మకు ఏం కావాల్నో అడిగినారా?"

అడగలేదు. ఆ మాట ఆయనతో అనలేక, ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం ఆయన వైపు జరిపాను. సాయంత్రందాకా గీశాను. గుండ్రంగా చుట్టుకున్న లత, దాని నడుమ స్పానరు, కింద పెద్ద అక్షరాలతో "ఎర్రిస్వామి మోటార్ వర్క్స్". ఎర్రిస్వామి తిప్పమ్మ తండ్రి. అంగడి ఆయన పేరుమీదే ఉందని రుద్రన్న చెప్పాడు. చాలా రోజుల తర్వాత నా చేత్తో నేను గీసిన బొమ్మ అది. బాగుందనే అనుకున్నాను.

గుమ్మఘట్ట

రాయదుర్గం దాటాక బస్సులో మాటలు సగం తెలుగు, సగం కన్నడం. నా పక్కనున్న ఆవిడ టికెట్టు తెలుగులో అడిగి, చిల్లర కోసం కన్నడంలో పోట్లాడింది. కిటికీలోంచి చూస్తే ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, దూరంగా గాలిమరలు. వేదవతి మీదుగా పోతున్నామని ఆవిడే చూపించింది. నాకు ఇసుక తప్ప ఏమీ కనపడలేదు. మా ఇంటి వెనక పంటకాలువలో కూడా ఇంతకన్నా నీళ్లుంటాయి.

తిప్పమ్మకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. చుడీదారు మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, చేతులకు గ్రీజుతో ఎదురొచ్చింది. ఇంటి ముందుగదే అంగడి. గోడవారగా నిలబెట్టిన మోటార్లు, చుట్టలు చుట్టిన రాగితీగ. మూల బల్ల మీద ఎర్రిస్వామి కూర్చుని బేరింగులను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, చప్పుడు విని, మంచివీ చెడ్డవీ రెండు డబ్బాల్లో వేరుచేస్తున్నాడు. రెండేళ్ల కిందట ఆయన చూపు పూర్తిగా పోయింది.

తిప్పమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. సగం తాగాను. మా ఇంట్లో చేసినట్టే మిగతా సగం గుమ్మం బయటికి పారబోశాను. ఎర్రిస్వామి చేతిలో బేరింగు ఆగిపోయింది.

"ఎవరు నీళ్లు పారబోసింది?"

"మేడమే నాయనా. తెలీక పారబోసినారు. పోనీ లే" అంది తిప్పమ్మ.

తప్పయిందన్నాను. ఆయన బేరింగును మళ్లీ తిప్పుతూ, "మీ పక్క కాలవలుంటాయంట కదమ్మా. ఏం తప్పులే. రేపట్నుంచి సగం చెంబే ఇస్తాంలే" అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు నిజంగానే సగం చెంబు నీళ్లే వచ్చాయి.

నా బొమ్మ చూపించాను. తిప్పమ్మ చేతులు తుడుచుకుని, కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మ చానా బాగుండాది మేడం. పెండ్లికార్డు మాదిరి ఉండాది."

ఆమె వెక్కిరించలేదు. ఉన్నమాట చెప్పింది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. అప్పుడడిగాను, లేపాక్షిలో ఆ చీరలాయన అడగమన్న మాట. "నీకేం కావాలి తిప్పమ్మా?"

ఆమె జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. "చెప్పన్నా" అంది. అవతలి మాట విని, ఫోను తండ్రికిచ్చింది. ఆయన రెండు ముక్కలు మాట్లాడి తిరిగిచ్చాడు. కానీ అవతలివాళ్లు అప్పటికే పెట్టేశారు.

"చూసినారు కదా? ఆడమనిషి గొంతు వింటే నాయనకియ్యమంటారు. నాయనకు కనపడదంటే పెట్టేస్తారు. రాయదుర్గంలో కొత్త అంగడొకటి వచ్చింది. అందరూ ఆడికే పోతాండారు. ఉగాదిదాకా చూస్తా. అప్పటికీ పని రాకుంటే వైండింగు మిషను అమ్మేసి, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేదానికి పోతా."

"కార్డు మీద నీ పేరు పెడదామా?"

ఆమె తండ్రి వైపు చూసి, గొంతు తగ్గించింది. "నాయన పేరు తీసి నా పేరు పెడితే ఊరు ఏమంటాది మేడం? ఆయప్ప ఏమనుకుంటాడు?"

ఆ పూట రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టారు. సంగటి ముద్దను నమలకూడదని, చిన్న ఉండ చేసి మింగాలని తిప్పమ్మ నేర్పింది. నేను నమిలాను. అది పళ్లకు అంటుకుని ఊడిరాకపోతే ఎర్రిస్వామికి చప్పుడుబట్టే అర్థమైపోయింది. "ఏమమ్మా, నమలతాండావా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

చీనీ తోట

మర్నాడు పొద్దున్నే ఇంకో ఫోను వచ్చింది. తిమ్మారెడ్డి అనే పెద్ద రైతు. ఒకప్పుడు సర్పంచిగా చేసినాయన. చీనీ తోటలో, అంటే మా మాటలో బత్తాయి తోటలో, మోటారు ఆగిపోయి మూడు రోజులైందట. ఎర్రిస్వామిని పంపమన్నాడు. "వస్తాండామన్నా" అని మాత్రం చెప్పి తిప్పమ్మ ఫోను పెట్టేసింది. ఎవరు వస్తున్నారో చెప్పలేదు. పైపులు లాగడానికి వన్నూరప్ప అనే పనివాడు, ఇంకో ఇద్దరూ వెనక ఆటోలో బయలుదేరారు. నేను ఆమె మోపెడు వెనక కూర్చున్నాను.

తిమ్మారెడ్డి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ముందు మోపెడునీ, తర్వాత మా ఇద్దరినీ చూశాడు.

"ఎర్రిస్వామి యాడ?"

"నాయనకు కండ్లు కనపడవు కదన్నా. నేనే చూస్తా."

"నువ్వా? ఆ కొత్త అంగడోళ్లు నిన్న వచ్చి, పైనుంచే చూసి, మోటారు పోయింది, కొత్తది కొనాలని చెప్పిపోయినారు. ఇంకొక మాట విందామని, చూపు లేకున్నా తడిమి చెప్తాడని మీ నాయనను పిలిస్తి. నువ్వేం చెప్తావు?"

"బయటికి తీస్తే మోటారే చెప్తాది."

ఆయన చెట్ల వైపు చెయ్యి చాపాడు. ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి. "ఇంకో నాలుగు దినాలు నీళ్లు తాపకుంటే కాయంతా రాలిపోతాది. సరే, తియ్యి. తీసినాక చూద్దాం."

నాలుగు వందల అడుగుల పైపు. మూడుకాళ్ల స్టాండు వేసి, గొలుసుతో లాగుతూ, ఇరవై అడుగులకొకటి చొప్పున విప్పుతూ పోవాలి. నేనూ తాడు పట్టుకున్నాను. ఏడో పైపుకు అరచేతులు బొబ్బలెక్కాయి. వన్నూరప్ప నా చేతులు చూసి, "రాసే చేతులు మేడం, పక్కకు రాండి" అన్నాడు. రోషానికి ఇంకో రెండు పైపులు లాగి, అప్పుడు పక్కకొచ్చాను.

అక్కడ స్టార్టరు డబ్బా తలుపు మీద నా కళ్లు పడ్డాయి. మేకుతో గీకిన ఫోను నంబర్లు. పాలవాడివి, లైన్‌మన్‌వి, ట్రాక్టరువాళ్లవి. "వాళ్ల కార్డులు లేవా?" అని తిమ్మారెడ్డిని అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి ఒకటి తీసి చూపించాడు. రాయదుర్గం కొత్త అంగడిది, నిన్న ఇచ్చింది. చెమటకు మెత్తబడి, నంబరు సగం కరిగిపోయి ఉంది. నీలం నీటిచుక్క మాత్రం అలాగే ఉంది.

మిట్టమధ్యాహ్నానికి మోటారు పైకొచ్చింది. ఒళ్లంతా ఎర్రబురద. నేల మీద పడుకోబెట్టగానే తిమ్మారెడ్డి దగ్గరికొచ్చాడు.

"ఇది మీ నాయన చేసిన మోటారు. అయిదేండ్లు ఒక్క దినం గూడా నిలబడలేదు. పక్క తోటలోది ఏడాదికి రెండుసార్లు కాల్తాది. ఎర్రిస్వామి చెయ్యి పడితే అట్ల ఉంటాది. ఆయన గుర్తుంటాది చూడు, కింద."

తిప్పమ్మ చొక్కా చేతితో మోటారు అడుగున బురద తుడిచింది.

"గుర్తుండాదన్నా. చూడు."

"రెండు చుక్కలు, కింద గీత. ఆయనదే."

"సరిగ్గా చూడు. ఎన్ని చుక్కలు?"

తిమ్మారెడ్డి కళ్లజోడు పెట్టుకుని వంగాడు. "మూడు."

"నాయన రెండే కొడతాడు. మూడోది నాది. అప్పటికే ఆయప్పకు చూపు మసక. తీగ చుట్టింది నేను, దించింది నేను. దుడ్లు మాత్రం నువ్వు నాయన చేతికిచ్చినావు."

"మూడోది ఎందుకు కొట్టినావు?"

"పని చెడితే నాయన పేరు పోగూడదని. నేను చేసినవి ఏవో నాకన్నా తెలియాల కదా. ఆడదాన్ని కదా, నడిమద్యలో బొట్టు పెట్టినా."

నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. ఇనుము మీద ఉలితో కొట్టిన రెండు చుక్కలు కళ్లు. కింద అడ్డగీత నోరు. రెండు కళ్ల మధ్య, కొంచెం పైన, మూడో చుక్క. ఒక ఆడమనిషి ముఖం సూటిగా నన్నే చూస్తోంది. దాన్ని గీయడానికి ఎక్కడెక్కడో తిరిగాను. అయిదేళ్లుగా అది నాలుగు వందల అడుగుల లోతున, ఆ చీకట్లో పనిచేస్తూ ఉంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టు, నా పుస్తకంలోంచి కాగితం చింపి ఆ గుర్తు మీద పెట్టి పెన్సిలుతో రుద్దాను. ముఖం కాగితం మీదికి వచ్చింది.

తిమ్మారెడ్డి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే అయిదేండ్లుగా నా తోటకు నీళ్లు తాపింది నువ్వా!" అన్నాడు. తర్వాత ఆమెను ఇంకొక్క ప్రశ్న అడగలేదు. "నీకేం కావాల్నో చెప్పు, తెప్పిస్తా" అన్నాడు.

ఆమె బల్బు పెట్టి మోటారును పరీక్షించింది. తీగచుట్టలో లోపం లేదు. పైనుంచి వచ్చే కేబులు అతుకు దగ్గర నీళ్లు దిగి కాలింది. "మోటారు పోలేదన్నా. అతుకు పోయింది." కొత్త అతుకు వేసి, పొర మీద పొర టేపు చుట్టింది. దించేముందు మోటారు మూత విప్పి, బిందెలోంచి శుభ్రమైన నీళ్లు సన్నటి ధారగా లోపలికి పోసింది. అది అలా నిండితేనే కాలకుండా ఆడుతుందట. "ముందు దానికి తాపాల. అప్పుడే అది మనకు తాపుతాది" అని వన్నూరప్ప నాకు చెప్పాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

తోటలకిచ్చే త్రీఫేజు కరెంటు రోజూ నాలుగింటికే పోతుంది. ఆఖరి పైపు బిగించేసరికి నాలుగు కావడానికి పన్నెండు నిమిషాలుంది. తిప్పమ్మ స్టార్టరు నొక్కింది. మోటారు మూలిగింది. గొట్టంలోంచి ఏమీ రాలేదు. తిమ్మారెడ్డి గొట్టం వైపు, నేను తిప్పమ్మ వైపు చూస్తున్నాం. ఆమె మాత్రం చెయ్యి పైపు మీద ఆనించి కళ్లు మూసుకుంది. "ఎక్కుతాంది" అంది. గొట్టం దగ్గింది. గాలి, బురద, మళ్లీ గాలి. ఆ తర్వాత చేతి మందాన నీళ్లు. ముందు ఎర్రగా, పోనుపోను తెల్లగా.

వన్నూరప్ప ఈల వేశాడు. తిమ్మారెడ్డి చెప్పులు విడిచి కాలువలో నిలబడ్డాడు. నేను నా ముఖమంతా ఆ నీళ్లతో కడుక్కున్నాను. గోదావరి పుష్కరాల్లో మునిగినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

తిరిగి వస్తూ మోపెడు మీద ఆమె గాలికి వినపడేలా అరిచి చెప్పింది. "అక్కా, నా పేరే పెట్టు." అప్పటిదాకా నేను మేడంని.

రాయదుర్గం

కాగితం కార్డు వద్దని నిర్ణయించుకున్నాను. స్టార్టరు డబ్బా తలుపుకు తీగతో కట్టుకునేలా, చెమటకు కరగని, ఎండకు వెలవని రేకు ముక్క కావాలి. రాయదుర్గంలో బండ్ల నంబరు ప్లేట్లు చేసే మస్తాన్ సాబు అంగడికి తీసుకెళ్లింది తిప్పమ్మ. ఆయన నా కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"మూడు చుక్కలు, ఒక గీత, పేరు, నంబరు. ఇంతేనా? ఇంత జాగా ఖాళీగా పెడితే ఎట్లమ్మా? ఈ మూల పువ్వు వేద్దాం, ఈ మూల నీళ్ల బొమ్మ వేద్దాం. ఖర్చు అంతే."

"వద్దు సాబుగారూ. ఖాళీగానే ఉండనివ్వండి."

"ఫ్రీగా వేస్తానంటే గూడా వద్దంటావే!"

పదిహేడేళ్లుగా ఖాళీ కనపడితే పువ్వు పెట్టినదాన్ని నేనే కాబట్టి ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఒప్పుకోలేదు. చుక్కలు ప్రెస్సులో వద్దని, తిప్పమ్మే తన ఉలితో అచ్చు కొట్టాలని కూడా పట్టుబట్టాను. ఆమె సాబు బల్ల ముందు కూర్చుని నాలుగే దెబ్బలు కొట్టింది. ఆయన ఆ అచ్చు మీద మొదటి రేకు పెట్టి నొక్కి, బయటికి తీసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. కాసేపటికి, "యా అల్లా, చూస్తాండాది!" అన్నాడు. ముక్క ఇరవై రెండు రూపాయలకు చేసిచ్చాడు. తనకొకటి ఉంచుకుని దుకాణం గోడకు కొట్టుకున్నాడు.

గుమ్మఘట్టకు తిరిగి రాగానే తిప్పమ్మ ఒక రేకు తీసుకుని తండ్రి ముందు నిలబడింది. ఇవ్వడానికి భయపడుతోంది. చివరికి ఆయన చేతిలో పెట్టింది. ఎర్రిస్వామి బొటనవేలితో రేకంతా తడిమాడు. ఎత్తుగా లేచిన అక్షరాల మీద వేలు నెమ్మదిగా కదిలింది. ఆయనకు చదువు రాదు. "ఏం పేరు?" అన్నాడు.

"నా పేరే నాయనా."

వేలు గుర్తు దగ్గరికి వచ్చింది. "నా రెండూ ఉండాయి. గీత ఉండాది." వేలు పైకి జరిగి ఆగింది. "ఇదెప్పుడు పెట్టినావు?"

"అయిదేండ్లాయె. నీకు చెప్పలేదు."

ఆయన ఆ మూడో చుక్క మీద వేలు పెట్టి, కింది రెండింటికీ మధ్య దూరాన్ని ఒకసారి, రెండుసార్లు కొలిచాడు.

"సరిగ్గా నడిమద్య పడింది. చెయ్యి అదరలేదు" అన్నాడు. అని బేరింగుల పని మళ్లీ మొదలుపెట్టాడు. తిప్పమ్మ లోపలికి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చింది.

అంగడి ముందు

నేను బయలుదేరాల్సిన పొద్దున తిమ్మారెడ్డి తన జీపులో వచ్చాడు. తనకొక రేకు, ముగ్గురు బావమరదులకు మూడు కావాలన్నాడు. ఆయన వెనకే ఇంకా ఇద్దరు, ఆ తర్వాత నలుగురు. చీనీ తోటలో జరిగింది ఊళ్లన్నీ తిరిగినట్టుంది. "బొట్టు మోటారు అంగడి ఇదేనా?" అని అడుగుతూ సరిహద్దు అవతలి ఊరినుంచి ఒక కన్నడాయన వచ్చాడు. రేకు మీది అక్షరాలు ఆయనకు రావు. ముఖం చూసి, తిప్పమ్మను చూసి, తల ఊపి జేబులో వేసుకున్నాడు. పది గంటలకల్లా ఆమెకు ఆ వారానికి సరిపడా పని కుదిరింది. ఓళిగలు, అంటే మా బొబ్బట్లు, చేస్తానని ఆమె మొదలుపెట్టిన పిండి లోపల అలాగే ఉండిపోయింది. ఆ పిండి ముద్దను నేనే చేతనైనట్టు వత్తి కాల్చాను. మందంగా వచ్చాయి. అయినా అందరూ తిన్నారు.

ఆఖరి రేకు మిగిలినప్పుడు ఒక గొర్రెల కాపరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. భుజాన గొంగడి, వెనకాల రోడ్డంతా గొర్రెలు.

"నాకొకటి ఇయ్యమ్మా."

"నీకు బోరెక్కడిదన్నా? నీకు సెంటు భూమి గూడా లేదు కదా" అంది తిప్పమ్మ.

"బోరుకు కాదు. నా పొట్టేలుకు కడతా. బాగుండాది ముఖం."

తిప్పమ్మ నా వైపు చూసింది. నేను ఇవ్వమని తల ఊపాను. ఆమే బయటికి వెళ్లి, అతని పొట్టేలు కొమ్ముల మీదుగా తాడు దించి, మెడలో రేకు కట్టింది. పొట్టేలు ఒకసారి తల విదిలించి, మంద ముందుకు పోయి నిలబడింది. మేపు దొరికితే చాలు, ఆ మంద కళ్యాణదుర్గం దాకా, అటు కన్నడదేశంలోకి కూడా పోతుందట.

తిప్పమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, ఎండలో మెరుస్తూ గుట్ట ఎక్కుతున్న తన పేరును చూస్తూ నిలబడింది.

"చూడక్కా, నేను ఈడ్నే ఉండా. నా కార్డు యాడికి పోతాందో!"